మా పెరటి కుంటలో కోయి పిల్లలు

పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు ఇంకా తెల్లవారకముందే అమ్మ వచ్చి తట్టి లేపింది. "ఒరేయ్, లే. కుంటలో చేపలు కొట్టుకు చచ్చిపోతున్నాయి, నీళ్లన్నీ గట్టు మీదకొచ్చేస్తున్నాయి" అంది. టార్చి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. చూస్తే అది కొట్లాట కాదు, గుడ్లు పెట్టే హడావిడి. తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలుండే మా పెద్ద ఆడచేప గట్టు వెంబడి తిరుగుతోంది, దాని వెనకాల రెండు మగవి పొట్టకి మూతి ఆనించి బలంగా తోస్తూ గుర్రపుడెక్క వేళ్లలోకి నెడుతున్నాయి. దబ్ దబ్‌మని చప్పుడు, నీళ్ల మీద నురగ, పెరడంతా నీచు వాసన. అమ్మకి విషయం చెప్పగానే టార్చి ఆపెయ్యమంది, "పాపం వాటి మానాన వాటిని వదిలెయ్" అని.

కోయి అంటే కొందరు అక్వేరియం చేప అనుకుంటారు కానీ అసలుకి అది మన బంగారుతీగే. ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతితో పాటు పెంచే అదే బంగారుతీగ జాతిని జపాన్‌వాళ్లు రంగు కోసం తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. నీగాతా అనే ప్రాంతంలో, యమకోషి కొండల మీద మెట్లు మెట్లుగా వరి పొలాలుంటాయి. శీతాకాలం మంచు పడి దారులు మూసుకుపోతే తినడానికని అక్కడి రైతులు పొలాల నీటి కుంటల్లో ఈ చేపని పెంచుకునేవారు. 1800ల తొలినాళ్లలో అక్కడక్కడ ఎర్రమచ్చ, తెల్లమచ్చ ఉన్న పిల్లలు కనబడితే కూరకి వాడకుండా దాచి, వాటికి వాటికే పిల్లలు తీయించారు. 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో పెట్టేదాకా ఆ చేపలు మిగతా జపాన్‌కి కూడా పెద్దగా తెలియవు. వరి పండించే రైతు తన పొలం గట్టున మొదలుపెట్టిన పని ఇది అని తెలిశాక నాకు ఈ చేపల మీద ఇష్టం ఇంకా పెరిగింది. మాదీ వరి ఊరే, తణుకు దగ్గర.

మా కుంట 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, నీళ్లు 4 అడుగుల లోతు. అంటే 10 వేల లీటర్ల పైచిలుకు. ఇందులో ఉన్నవి ఆరు చేపలే. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఇంత కుంటలో ఆరేనా అంటారు. నాలుగేళ్ల కిందట కొన్నప్పుడు ఒక్కోటి నా చూపుడువేలంత ఉన్నాయి, ఇప్పుడు పెద్దది మోచేతి నుంచి వేలి చివర దాకా కొలిస్తే ఇంకా మిగులుతుంది. కోయి రెండు అడుగులు దాటి పెరిగే చేప. కుంట చిన్నదైతే చేప దానికి తగ్గట్టు చిన్నగానే ఉంటుందని షాపుల్లో చెప్పే మాట నమ్మకండి. చిన్న తొట్టిలో చేప గిడసబారిపోతుంది, అది సర్దుకుపోవడం కాదు. దాని మొప్పల్లోంచి, మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియా దాని చుట్టూనే పేరుకుని, ఆకలి చచ్చి, రోగాలు పట్టి ఎదుగుదల ఆగిపోతుంది.

సిమెంటు కుంట కట్టిన వెంటనే చేపలు వేయకూడదు. కొత్త సిమెంటు లోంచి సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్ బాగా పెరిగిపోతుంది. మేము నీళ్లు నింపి, అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, వారానికోసారి మొత్తం తోడేసి మళ్లీ నింపి, అలా నెలన్నర ఆగాము. ఆ ఆగడమే చేపల పెంపకంలో సగం పని అని నాకు అనిపిస్తుంది. ఫిల్టర్ కూడా అంతే. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు, వాటిలో మా మావయ్య ఇచ్చిన పాత నైలాను వలలు కుక్కి పెట్టాను. వల పోగుల మీద బ్యాక్టీరియా పట్టి అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చాలి, దానికి ఆరు వారాలదాకా పడుతుంది. ఆ లోపు మేత ఎక్కువ వేస్తే చేపలకి మనమే విషం పెట్టినట్టు. వలలని కుళాయి నీళ్లతో కడిగినా అందులో క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, అందుకని కుంట నీళ్లలోనే జాడించి పెట్టాలి.

సరే, గుడ్ల సంగతికొస్తాను. నిజానికి ఇది మొదటిసారి కాదు. అంతకు ముందు ఏడాది కూడా ఒక పొద్దున కుంటంతా నురగ, నీళ్లు పాలవిరుగుడులా అయిపోయి ఉంటే ఏదో జబ్బు వచ్చిందని హడలిపోయి సగానికి పైగా నీళ్లు తోడేసి, నాచంతా పీకి పారేసి, గట్టంతా రుద్ది కడిగాను. ఆ నాచుకి సగ్గుబియ్యం గింజల్లా చిన్న చిన్నవి అంటుకుని ఉండడం చూశాను కూడా, నత్త గుడ్లనుకున్నాను. సాయంత్రం మావయ్యకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అల్లుడూ, అవి చేప గుడ్లురా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మావయ్య ఆకివీడు దగ్గర ముప్ఫై ఏళ్లుగా చెరువులు చేస్తున్నాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఒకటుంది. బొచ్చె, శీలావతి, మోసు ఇవేవీ నిలవ నీళ్లలో గుడ్డు పెట్టవు, వాటికి వరద నీటి పారుదల కావాలి. అందుకే ఒకప్పుడు పిల్ల కోసం నదుల మీద ఆధారపడేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో చేపల శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలీకున్హి వాటికి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించాకే హేచరీలు సాధ్యమయ్యాయి, ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. బంగారుతీగకి ఆ తంటా లేదు. "దానికి ఇంజెక్షనూ అక్కర్లేదు, వరదా అక్కర్లేదు. గుడ్డు అంటించడానికి ఇంత నాచు చూపించు, కొత్త నీళ్లు పెట్టు, అదే పెడుతుంది" అన్నాడు మావయ్య. మన దేశంలో అది ఏడాదంతా పెట్టగలదు కానీ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, జులై, ఆగస్టుల్లో ఒకసారి జోరు ఎక్కువ. జపాన్‌లో అయితే చలి పోయి నీళ్లు 20 డిగ్రీలకి వచ్చే వేసవి మొదలు దాకా ఆగాల్సిందే.

అందుకే ఈసారి సంక్రాంతి వెళ్లినప్పటి నుంచీ కనిపెట్టుకుని ఉన్నాను. ఆడచేప పొట్ట పక్కలకి ఉబ్బి పైనుంచి చూస్తే కండెలా కనిపిస్తుంది. మగది సన్నగా ఉంటుంది, రోజులు దగ్గరపడ్డాక దాని చెంపల మీద, ముందు రెక్కల మీద తెల్లటి గరుకు పొక్కుల్లాంటివి లేస్తాయి. తడి చేత్తో తాకితే గరుకు కాగితంలా తెలుస్తుంది. అవి కనబడగానే కడియం నుంచి తెచ్చిన మొక్కలతో పాటు వచ్చిన గుర్రపుడెక్కలో వేళ్లు పొడుగ్గా ఉన్నవి ఏరి, ఉప్పు నీళ్లలో ముంచి కడిగి కుంటలో ఒక మూల కట్టాను. ఉప్పుతో కడగడం ఎందుకంటే వేళ్లలో చేప పేను, తూనీగ పిల్లలు దాక్కుని వచ్చేస్తాయి. ముందు రోజు మధ్యాహ్నం కాలువ నీళ్లు మూడో వంతు మార్చాను. మర్నాడే అమ్మ లేపింది.

ఆడచేప బరువు కేజీకి దాదాపు లక్ష గుడ్లని లెక్క. మాది మూడు కేజీలైనా ఉంటుంది. ఆ సంఖ్య వింటే సంతోషం కన్నా భయం ఎక్కువ వేసింది నాకు. అందుకని ముందే అనుకున్నాను, రెండే రెండు గుర్రపుడెక్క గుబుర్లు తీసి పక్క తొట్టిలో వేస్తాను, మిగతావి కుంటలోనే ఉంచుతాను అని. ఉంచితే పెద్ద చేపలే తినేస్తాయి. కన్న గుడ్లని తినడం ఏమిటని అమ్మ బాధపడింది కానీ వాటికి ఆ తేడా లేదు, గుడ్డు పెట్టడం అయిపోయిన గంటకే వేళ్లు చప్పరించడం మొదలుపెట్టాయి. ఎవరైనా మొదటిసారి పిల్లలు తీయాలనుకుంటే నా మాట ఒక్కటి వినండి. అన్నీ బతికించాలని చూడొద్దు. ఎన్నింటికి చోటు ఉందో, ఎవరెవరు తీసుకుంటారో చూసుకుని, అన్నే తీయండి.

ఆ రోజు పెద్దచేపల సంగతి మర్చిపోకూడదు. అంత వీర్యం, అంత జిగురు నీళ్లలో కలిసేసరికి అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ఎయిరేటర్ ఆపకుండా తిప్పాను, ఆ పూట మేత వేయలేదు, సాయంత్రం నాలుగో వంతు నీళ్లు మార్చాను. ఆడచేప గట్టుకి రాసుకుని రెండు పొలుసులు ఊడిపోయాయి, ఒక రెక్క చివర చీరుకుంది. మగవి మరీ తరుముతుంటే పదింటికల్లా వాటికీ దానికీ మధ్య వల అడ్డం కట్టేశాను. వెయ్యి లీటర్లకి మూడు కేజీల లెక్కన కల్లుప్పు వేశాను. పది రోజుల్లో పుండు మానింది.

గుడ్డు ఆవగింజ కన్నా కొంచెం చిన్నది, అద్దంలా ఉంటుంది. ఫలదీకరణ జరగనివి మర్నాటికి తెల్లబడిపోతాయి, వాటి మీద దూదిలా బూజు పడుతుంది, ఆ బూజు పక్కనున్న మంచి గుడ్లకి పాకుతుంది. తొట్టిలో బూజుని ఆపే మిథిలిన్ బ్లూ అనే నీలం మందు కాస్త వేసి, తెల్లవి కనబడినంత వరకు పట్టకారుతో ఏరాను. రెండో రోజు గుడ్డులో రెండు నల్ల చుక్కలు కనబడ్డాయి, అవే కళ్లు. మా అన్నయ్య కూతురు భూతద్దం పట్టుకుని తొట్టి దగ్గర నుంచి కదల్లేదు. "బాబాయ్, ఇది నన్నే చూస్తోంది" అని ఒక్కో గుడ్డునీ చూపించింది. నీళ్లు 25 డిగ్రీల మీద ఉండడంతో రెండున్నర రోజులకే పొదిగాయి, జపాన్‌లో చల్లటి నీళ్లలో నాలుగు రోజులు పడుతుంది.

పొదిగిన పిల్ల చేపలా ఉండదు. కనురెప్ప వెంట్రుక ముక్కలా ఉంటుంది. రెండు మూడు రోజులు తొట్టి గోడకి, వేళ్లకి అతుక్కుని వేలాడుతుంది, పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచే దానికి తిండి. ఆ రోజుల్లో మేత వేస్తే నీళ్లు చెడతాయి తప్ప అవి తినవు. సొన అయిపోయాక ఒక్కసారి పైకొచ్చి గుటకెడు గాలి మింగి, తేలే తిత్తి నింపుకుని అప్పుడు ఈదుతాయి. నీటి మీద నూనె పొరలాంటిది ఉంటే ఆ గాలి మింగలేక అడుగునే ఉండిపోతాయి, అందుకే రోజూ పొద్దున్నే పాత న్యూస్‌పేపర్ నీటి మీద పరిచి పొర ఎత్తేసేవాణ్ణి. అన్నీ ఒక్కసారి ఈదడం మొదలుపెట్టిన ఆ పొద్దున తొట్టిలో నీళ్లే కదులుతున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత పది రోజులే అసలు కష్టం. వాటి నోరు ఎంత చిన్నదంటే పొడి చేసిన మేత కూడా పట్టదు. మొదటి మూడు రోజులు ఉడికించిన గుడ్డు పచ్చసొన పలచటి గుడ్డలో కట్టి నీళ్లలో పిండాను, వేరుశనగ గింజంత ముక్క చాలు, ఎక్కువైతే నీళ్లు కుళ్లిపోతాయి. ముందుగానే ఇంకో తొట్టిలో కాస్త పేడ వేసి ఎండలో పెట్టి పచ్చనీరు చేసి ఉంచాను, అందులో పుట్టే కంటికి కనబడని జీవులే వాటికి అన్నిటికన్నా మంచి తిండి. నాలుగో రోజు నుంచి ఆర్టీమియా, అంటే ఉప్పు నీళ్లలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు. మన కోస్తాలో రొయ్యల హేచరీలు ఉన్నాయి కాబట్టి ఆర్టీమియా గుడ్ల డబ్బా దొరకడం కష్టం కాదు. ఉప్పు నీళ్లలో వేసి గాలి కొడితే ఒక రోజులో నారింజ రంగు దుమ్ములా పొదుగుతుంది, అది తిన్న చేపపిల్ల పొట్ట కూడా నారింజ రంగులో మెరుస్తుంది. రోజుకి ఐదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు ఆ డ్యూటీ అంతా అమ్మే చేసింది.

పదకొండో రోజు రాత్రి కరెంటు పోయింది. ఎయిరేటర్ ఇన్వర్టర్‌కి కలిపి ఉందని అనుకున్నాను, లేదు. పొద్దున్న చూసేసరికి తొట్టి అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. సగానికి పైగా పోయాయి. దాని గురించి ఎక్కువ రాయలేను. ఆ రోజే వైరు మార్పించాను, బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి మోటారు ఇంకోటి కొని పెట్టాను. మీరు కూడా పిల్లలు పొదగక ముందే ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి.

మిగిలినవాటికి ఇంకో గండం తూనీగ. ఎగిరే తూనీగ అందంగానే ఉంటుంది, కానీ దాని పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది, దవడ చాచి రోజుకి ఎన్ని చేపపిల్లల్నైనా పట్టేస్తుంది. అమ్మ పాత దోమతెర కోసి తొట్టి మీద బిగించాక ఆ బాధ తప్పింది. పెద్ద కుంట మీద మాత్రం వల వేయక తప్పలేదు, లకుముకి పిట్ట రోజూ వచ్చి కరెంటు తీగ మీద కూర్చుంటుంది.

నెల తిరిగేసరికి పిల్లలు అంగుళం అయ్యాయి, కానీ అన్నీ కాదు. కొన్ని మిగతావాటికి రెట్టింపు ఉన్నాయి. జపాన్‌వాళ్లు వీటిని తోబి అంటారు, తోటి పిల్లల్ని మింగేసే రకం. వేరు చేయకపోతే చివరికి తొట్టిలో నాలుగే మిగులుతాయి. పిండి జల్లెడలాంటి వలతో సైజు వారీగా మూడు తొట్లలోకి మార్చాను. రంగులు కూడా అప్పుడప్పుడే తెలిశాయి. ఎర్ర మచ్చల తల్లికి ఎర్ర మచ్చల పిల్లలే పుడతాయనుకుంటాం కదా. ఈ పిల్లల తండ్రులైన రెండు మగచేపల్లో ఒకటి బంగారు రంగు ఒగొన్, రెండోది నీలిబూడిద రంగు అసగి. రకాలు కలిసేసరికి ఎక్కువ పిల్లలు మామూలు బంగారుతీగ రంగులోకి, గోధుమ ఆకుపచ్చలోకి వెళ్లిపోయాయి. కొన్ని పూర్తిగా నారింజ, కొన్ని మచ్చలేని తెలుపు, కొన్నిటికి ఒళ్లంతా సన్నటి మెరుపు. తెలుపు మీద ఎరుపు చక్కగా తిరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టాలి. జపాన్‌లో పేరున్న పెంపకందారులు తెలుపు మీద ఎరుపుండే కొహాకు రకాన్ని కొహాకుతోనే కలిపి, మూడు నాలుగు సార్లు ఏరాక కూడా లక్షల్లో చాలా కొద్దిగానే ఉంచుకుంటారు. నల్లటి షోవా రకానికైతే పొదిగిన నాలుగైదు రోజులకే నల్లగా ఉన్నవి ఉంచి తెల్లవి తీసేస్తారు.

నాకు ఏరి చంపే ధైర్యం లేదు. మూడు నెలలకి 140 పిల్లలు నిలబడ్డాయి. మా కుంటలో ఆరింటితో పాటు ఇంకో మూడు నాలుగు తప్ప పెట్టలేను. పక్కింటాయన మంచి మనసుతోనే అన్నారు, "కాలువలో వదిలేయండి బాబూ, హాయిగా బతుకుతాయి" అని. వద్దండీ అని చెప్పాను. బతుకుతాయి, అదే ఇబ్బంది. బంగారుతీగ ఈ దేశం చేప కాదు. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి ఇంకో రకం తెచ్చారు. అది అడుగు బురద తవ్వి మేత వెతుక్కుంటుంది, నీళ్లు మట్టిరంగుకి తిరుగుతాయి, నాచు వేళ్లతో సహా లేచిపోతుంది, అక్కడి మన చేపలకి గుడ్డు పెట్టే చోటు పోతుంది. మన పెరట్లోంచి రోగం కూడా వెళ్తుంది. చెరువులోకి గానీ, కాలువలోకి గానీ, గోదావరిలోకి గానీ దయచేసి ఎవరూ వదలకండి.

నేను చేసింది ఇది. ఉద్యోగంలో స్నేహితులు, వాళ్ల బంధువులు, కుంట ఉన్నవాళ్లని ముందే అడిగి, కుంట కొలతలు కనుక్కుని, ఇంటికి నాలుగైదు చొప్పున 50 దాకా ఇచ్చాను. రంగు లేనివి మావయ్య తన చెరువులో వేసుకుంటానన్నాడు, కట్టుదిట్టంగా గట్లున్న పెంపకం చెరువు అది. అవి చివరికి మార్కెట్‌కి వెళ్తాయని అమ్మకి తెలుసు. ఆటోలో డ్రమ్ము ఎక్కించేటప్పుడు బయటికి రాలేదు. నేను కూడా ఆ రోజు అన్నం సరిగా తినలేదు, కానీ చిన్న తొట్లో కుక్కి గిడసబారనివ్వడం కన్నా అదే నయమని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఉంచుకున్నవి నాలుగు. వీటికి ఇప్పుడు ఐదు నిమిషాల్లో తినగలిగినంత మేత, రోజుకి మూడుసార్లు. ఎరుపు రంగు దాని ఒంట్లో తయారవదు, తిండిలోంచే రావాలి, అందుకని స్పిరులినా అనే నాచు కలిసిన గుళికలు వారంలో కొన్ని రోజులు వేస్తున్నాను. మనకి నీళ్లు గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఏడాదంతా పెరుగుతూనే ఉంటాయి. మన కష్టమల్లా ఎండాకాలం. నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలిగితే 30 దగ్గర ఏడున్నరే పడుతుంది. సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు, బోరు నీళ్లే గతి. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి నేరుగా పెట్టకుండా జల్లెడ గొట్టంలోంచి పైనుంచి పడేలా చేశాను, కుంట మీద సగానికి పచ్చ షేడ్‌నెట్ వేశాను. తెల్లవారుజామున చేపలు మోటారు నీళ్లు పడేచోట గుంపుగా చేరి పైకి గుటకలు వేస్తుంటే ఆ రోజు మేత ఆపేస్తాను.

నాలుగింట్లో ఒకదానికి నుదుటి మీద ఎర్ర చుక్క మాత్రమే ఉంది, మిగతా ఒళ్లంతా తెలుపు. ఎక్కడా సరైన మచ్చ లేదు, ప్రదర్శనకి పనికిరాదు. దాన్ని ఎంచింది మా అన్నయ్య కూతురు. ఇప్పుడు జానెడు దాటింది, పొద్దున్నే అమ్మ గట్టు మీద కూర్చుంటే మిగతావన్నీ మేత చుట్టూ తిరుగుతాయి, ఇది మాత్రం ముందు ఆమె వేళ్లు వెతుక్కుంటుంది.